గుండుసూదుల పట్టీ

చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో రేడియో ఆగిపోయిన సంగతి అందరికంటే ముందు పిన్ని కనిపెట్టింది.

రేడియో అంటే మనిషే. చొక్కాలకు చేతులు అతికించే మిషను మీద కూర్చునే పిల్ల. పొద్దున గేటు దాటింది మొదలు సాయంత్రం గేటు దాటేదాకా నోరు మూయదు. మిషన్ల రొదని కూడా చీల్చుకుని వినబడే గొంతు. ఎవరింట్లో ఎవరు అలిగారో, ఏ మిషను దారం ఎందుకు తెంపుతుందో, సూపర్‌వైజరు చొక్కాకి ఏ గుండీ ఊడిందో అన్నీ ఆ గొంతులోంచే అందరికీ తెలిసేవి. ఆమె పక్క మిషను సొంత అక్కది. తల్లి పోయాక ఆ పిల్లని పెంచింది అక్కే, ఈ మిషను మీద కూర్చోబెట్టిందీ అక్కే. అక్క కాలరు వేసిన చొక్కా రేడియో చేతికి వెళ్తుంది. రేడియో చేతులు అతికిస్తే ముందుకు పోతుంది. లైను చివర బల్ల దగ్గర నిలబడి దారప్పోగులు కత్తిరించేది పిన్ని. ఆమె ఎవరికీ పిన్ని కాదు, అందుకే అందరికీ పిన్ని.

ఆ పొద్దున రేడియో జ్వరం నుంచి లేచి వచ్చింది. మాడిపోయే జ్వరం అది. కళ్ళ వెనకాల ఎవరో వేలు పెట్టి పొడుస్తున్నారని ఏడ్చింది. ఎముకలన్నీ రోట్లో వేసి దంచినట్టుందని అంది. అక్క తడిగుడ్డలు వేసింది, గంజి తాగించింది. ఒక తెల్లవారుజామున ఒళ్ళంతా చెమట పట్టి జ్వరం దిగిపోయింది. అక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసి, చల్లగా తగిలితే హమ్మయ్య అనుకుంది. మోసం అక్కడే జరిగింది.

గేటు దగ్గర కాపలావాడు తుపాకీ లాంటి దాన్ని ఒక్కొక్కరి నుదుటికి గురిపెడతాడు. ఎర్ర దీపం వెలిగితే ఇంటికి పో. పచ్చ దీపం వెలిగితే లోపలికి పో. దానికి తెలిసిందల్లా వేడి ఒక్కటే. వేడి లేకపోతే రోగం లేదు. యజమానికీ అంతే, సూపర్‌వైజరుకీ అంతే. ఎర్ర దీపం ఎక్కువసార్లు వెలిగిన మనిషి మిషను ఇంకొకరి పాలవుతుంది, తిరిగొచ్చాక చీపురు పట్టాలి. అందుకని గేటు బయట కుళాయి కింద తల పెట్టి, నుదురు చల్లార్చుకుని వరసలో నిలబడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అది దొంగతనం అని కాపలావాడు అంటాడు. బతకడానికి మనం చేసే పనులకి వాళ్ళు పెట్టే పేర్లు అలాగే ఉంటాయి.

రేడియోకి కుళాయితో పని పడలేదు. పచ్చ దీపమే వెలిగింది.

మధ్యాహ్నం కాకుండానే పిన్ని కత్తెర పక్కన పెట్టి కేకేసింది. "ఏమే రేడియో, స్టేషను దొరకట్లేదా?"

రేడియో తలెత్తలేదు. ముందు మిషను ఆవిడ వెనక్కి తిరిగి, "జ్వరంలో బ్యాటరీ అయిపోయినట్టుంది పిన్నీ" అంది. లైనంతా నవ్వారు. అక్క కూడా నవ్వింది. రోజంతా ఆ వాగుడు విని విని, ఒక్క పూట ఊరుకుంటే చెవులకి సుఖంగానే ఉంది.

"ఒంట్లో ఎలా ఉందే?" అని అక్క అడిగింది.

"నీరసం. అంతే."

"జ్వరం పడి లేచిన ఒళ్ళు. ఉంటుందిలే."

ఇలాంటి షెడ్లలో ప్రతి నొప్పికీ ఒక కారణం ముందే కత్తిరించి, కొలతలతో సహా సిద్ధంగా ఉంటుంది. మెడ నొప్పి అంటే వంగి కుట్టడం. దగ్గు అంటే నూలు దుమ్ము. తల తిరిగితే తినకుండా వచ్చి ఉంటుంది. మనిషి నోరు తెరిచేలోపే పక్కవాళ్ళు ఆ కారణం తీసి తొడిగేస్తారు. చక్కగా సరిపోతుంది. సరిపోయిందంటే ఇంక ఎవరూ విప్పి చూడరు.

కాసేపటికి రేడియో వేలికి సూది గుచ్చుకుంది. ఇదేం వింత కాదు, అక్కడ సూది దిగని వేలు లేదు. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్ళీ గుడ్డ పట్టుకుంది. రక్తం ఆగలేదు. తెల్ల చొక్కా చేతి మీద ఒక చుక్క పడింది, దాని పక్కన ఇంకోటి. సూపర్‌వైజరు ఎక్కడున్నాడో, వచ్చేశాడు. అతనికి వాళ్ళు పెట్టిన పేరు గడియారం. చేతికి ఒకటి, గోడకి ఒకటి ఉన్నా మళ్ళీ ఫోనులో టైము చూసుకునే మనిషి.

"చొక్కా పోయింది" అన్నాడు గడియారం.

"ఉమ్ము పెట్టి రుద్దితే పోతుంది సార్, ఎవరి రక్తానికి వాళ్ళ ఉమ్మే మందు" అంది పిన్ని దూరం నుంచే.

"నీ వైద్యం నీ దగ్గరే ఉంచుకో. గుడ్డముక్క చుట్టుకోమను."

అక్క ఒక పేలిక చింపి చెల్లెలి వేలికి చుట్టింది. అది తడిసింది. ఇంకోటి చుట్టింది. చుడుతూ ఉండగా రేడియో ఎడమ మణికట్టు మీద ఉన్న పట్టీ పక్కకి జరిగింది. గుండుసూదులు గుచ్చుకోవడానికి అందరూ కట్టుకునే పట్టీయే అది, సాగే నాడాతో చేతికి బిగుతుగా ఉంటుంది, పైన చిన్న దిండు. ఆ నాడా కింద చర్మం నిండా ఎర్రటి చుక్కలు. ఆవాల కంటే చిన్నవి.

"ఇదేంటే?"

రేడియో చూసుకుంది. "ఏమో. సూదులు దిండు దాటి దిగుతున్నట్టున్నాయి."

"దిండులో దూది అయిపోయింది, కొత్తది అడుగు" అంది ముందు మిషను ఆవిడ. తన పట్టీ పక్కకి జరిపి చూపించింది. ఆమెకీ నాలుగు చుక్కలున్నాయి. నిజంగా సూదులవే. అక్క చెల్లెలి పట్టీ సర్దేసి తన మిషను తొక్కింది. అప్పటికే ఆమె ముందు చొక్కాలు గుట్ట పడుతున్నాయి.

ఆ చుక్కలు నాడా కింద మాత్రమే కాదు, చేతి పైదాకా ఉన్నాయని తర్వాత ఆసుపత్రిలో తెలిసింది. రవిక చేతులు పొడుగు. ఎవరు చూస్తారు?

తిండి వేళ దాటాక రేడియో ఒక చొక్కాకి కుడి చెయ్యి ఎడమవైపు అతికించింది. అక్క ముందు నమ్మలేదు. కళ్ళు మూసుకున్నా ఆ పిల్ల చేతికి ఏది కుడో ఏది ఎడమో తెలుస్తుంది. "ఒసేయ్, చెయ్యి తిరగబడింది చూడు" అంటే, రేడియో ఆ చొక్కాని రెండు వైపులా తిప్పి చూసింది. తప్పు ఎక్కడుందో ఆమెకి అందలేదు. "సరిగానే ఉంది కదక్కా" అంది. ఆ మాట అనేటప్పుడు అక్క మొహం వైపు కాకుండా అక్క భుజం వైపు చూసింది.

అక్క కుట్టు విప్పి ఇచ్చింది. జ్వరం పడిన బుర్ర, కుదుటపడడానికి కొంచెం పడుతుంది అనుకుంది. ఈ కారణం కూడా చక్కగా సరిపోయింది.

తర్వాత రేడియో లేచి చెక్కబిళ్ళ అడిగింది. ఆ షెడ్డులో లైనుకి ఒకటే చెక్కబిళ్ళ. అది చేతిలో ఉన్న మనిషే మరుగుదొడ్డికి వెళ్ళాలి. ఆమె తిరిగొచ్చి ఇస్తేనే ఇంకొకరు. ఒక పట్టాన వంతు రాదు. ఆడవాళ్ళతో నిండిన లైనుకి ఒకటే చెక్కబిళ్ళ అని నిర్ణయించిన మనిషి ఎవడో గానీ, వాడికి అమ్మా అక్కా ఉన్నారంటే నమ్మబుద్ధి కాదు. ఆ చెక్కబిళ్ళ వల్లే మాత్రలు వచ్చాయి. పెద్ద ఆర్డరు మీద ఉన్నప్పుడు బయట చేరకుండా నెలసరిని ఆపే మాత్రలు. పిన్ని వాటిని గుండీల సంచిలో గుండీలతో పాటే ఉంచుతుంది. ఎవరికి కావాలంటే వాళ్ళకి. ఆర్డరు లారీ ఎక్కిందంటే అందరూ ఒకేసారి మానేస్తారు, ఆ వెంటనే అందరికీ ఒకేసారి మొదలవుతుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు లారీ. "నీ లారీ వచ్చిందా?" అని ఒకరినొకరు అడిగి నవ్వుకుంటారు. వాళ్ళ కడుపుల్ని కూడా ఆర్డరుకి కుట్టేశారు, ఇంకేం చేస్తారు, నవ్వుకుంటారు.

రేడియోకి ఆ మాత్రలు అలవాటు చేసింది అక్క. చెల్లెలు పనిలో చేరిన కొత్తల్లో చీర పాడై, గడియారం అందరి ముందూ ముక్కు మూసుకున్నాడు. ఆ మర్నాడే అక్క పిన్ని దగ్గరికి తీసుకెళ్ళింది.

మొన్నటి ఆర్డరు లారీ ఎక్కింది సరిగ్గా రేడియో జ్వరంలో ఉన్నప్పుడు. అందరితో పాటు ఆమె కూడా మాత్ర మానేసింది. కాబట్టి ఇప్పుడు లైనులో సగం మందికి అదే పరిస్థితి.

రేడియో మరుగుదొడ్డి నుంచి వచ్చేసరికి మొహం సున్నం కొట్టినట్టుంది. అక్క చెవి దగ్గరికి వంగింది. "అక్కా, బాగా అవుతోంది. ఆగట్లేదు. గడ్డలు గడ్డలుగా పోతోంది."

"మాత్ర మానేశావు కదే. నాకూ అలాగే ఉంది."

"ఇది అది కాదక్కా."

"మరేంటి?"

పేరు పెట్టడానికి రేడియోకి మాట లేదు. ఆమెకి తెలిసింది ఒకటే, ఇది అది కాదని. నోరు తెరిస్తే ఆగని పిల్ల ఆ రోజు ఒక్క ముక్కలో నిజం చెప్పింది, దాన్ని ఎవరూ చెవిన పెట్టలేదు.

పిన్ని వచ్చింది. కత్తెర మెళ్ళో వేలాడుతోంది. రేడియో కడుపు మీద చెయ్యి పెడితే రేడియో అబ్బా అని వంగిపోయింది.

"కింద కాదు పిన్నీ, పైన. ఇక్కడ, పక్కటెముకల కింద."

"కడుపులో నొప్పికి కిందా పైనా ఏముంటుందే, అంతా ఒకటే ఇల్లు. నా లారీ ఒకసారి ఎలా వచ్చిందనుకున్నావ్, ట్రాలీ కూడా తగిలించుకొచ్చింది." పిన్ని నవ్వించాలని అంది. "గడియారం సొరుగులో తెల్ల మాత్ర ఉంటుంది, అది వేసుకో. ఇట్టే లాగేస్తుంది."

గడియారం తెల్ల మాత్ర ఇచ్చాడు. ఇవ్వడంలో ఆలస్యం చెయ్యలేదు. ఆ మాత్రలు సొరుగులో ఉంచేది మనిషి లేచి వెళ్ళకుండా ఉండడానికే. రేడియో మింగింది, వెంటనే కక్కింది. ఇంకోటి ఇచ్చాడు. అది నిలిచింది.

అది చూసి అక్క మిషను ఆపింది. లేచి నిలబడి, "దీన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా" అంది.

"గేటు దగ్గర పచ్చ దీపమే కదా వెలిగింది" అన్నాడు గడియారం.

"నుదురు తప్ప ఇంకే ఒళ్ళూ లేదా సార్ మాకు?"

గడియారం ఫోనులో టైము చూసుకుని పక్కకి జరిగాడు.

గేటు ఎదురుగా ఉన్న చిన్న ఆసుపత్రి డాక్టరు చెడ్డవాడు కాదు. వరసగా జనం, ఒక్కడే మనిషి. రేడియోని కూర్చోబెట్టాడు. అక్క చెప్పింది: ఆడవాళ్ళ బాధ, మాత్రలు వాడి మానేసింది, కడుపునొప్పి, ఒకసారి వాంతి.

"జ్వరం ఉందా?"

"వచ్చింది సార్. బాగానే వచ్చింది. తగ్గిపోయింది."

"తగ్గింది కదా. మంచిదే." డాక్టరు రేడియో నుదురు తాకాడు. చల్లగానే ఉంది. "ఇలా ఇష్టం వచ్చినట్టు మాత్రలు మింగితే ఇలాగే అవుతుంది. మీకు చెప్పినా వినరు." ఆయన తిట్టింది నిజమే, మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగకూడదు. కానీ ఆ తిట్టుతో ఆయన చూపు కూడా ఆగిపోయింది. అక్కే తెచ్చి చేతిలో పెట్టిన కారణం అది, ఆయన పుచ్చుకున్నాడు. ఒక ఇంజెక్షను, కడుపుకి ఒక మందు. "ఇంట్లో పడుకోబెట్టండి" అన్నాడు. బీపీ చూసే పరికరం బల్ల మీదే ఉంది. దాని మీద ఎవరో అగ్గిపెట్టె పెట్టారు.

ఇంటికి తీసుకెళ్ళాక రేడియో కొంచెం పడుకుంది. అక్క మొగుడు వడ్రంగి. సాయంత్రం పని నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే మరదలి మంచం వైపు చూశాడు. "ఏంటి, ఇవాళ వార్తలు లేవా? నేను రంపం పక్కన పెట్టి మరీ వచ్చాను."

"బావా, కాళ్ళు ఎక్కడో ఉన్నాయి" అంది రేడియో.

"ఎక్కడికి పోతాయ్, నీ కిందే ఉన్నాయి."

ఆమె నవ్వలేదు. చేతులతో దుప్పటి అంచుని పట్టుకుని, లాగి, మడిచి, మళ్ళీ లాగింది. చేతులు అతికిస్తున్నట్టు. అతను మంచం దగ్గరికి వచ్చాడు. భార్య వైపు చూశాడు. "జ్వరం లేదు" అంది అక్క, ఆయన అడక్కుండానే. ఆ మాటని ఆమె అప్పటికి ఎన్నిసార్లు అనుకుందో. జ్వరం లేదు, జ్వరం లేదు. దాన్ని పట్టుకునే వేలాడుతోంది.

తెల్లారి ఎండ గడపలోకి వచ్చేసరికి రేడియో పాదాలు చల్లటి నేలలా ఉన్నాయి. చేతులు తడితడిగా, జిగురుగా ఉన్నాయి. పళ్ళు తోముకుంటే ఉమ్మంతా ఎరుపు. ముందురోజు సాయంత్రం నుంచి ఒంటేలుకి లేవలేదని అక్కకి అప్పుడే గుర్తొచ్చింది. మంచం మీద నిలవడం లేదు, ఇటు దొర్లుతుంది, అటు దొర్లుతుంది, లేచి కూర్చుంటుంది, కిటికీ మూసెయ్యమంటుంది. కిటికీ మూసే ఉంది. "అక్కా, గేటు వేసేస్తారు. బిళ్ళ ఎవరి దగ్గరుంది?" అంది.

బావ ఆమెని భుజం మీద వేసుకుని వీధిలోకి పరిగెత్తాడు. పెద్దాసుపత్రికి ఆటోలో పోతుంటే రేడియో తల అక్క ఒళ్ళో ఉంది. అక్క మాట్లాడుతూనే ఉంది. గుండీలు ఊడిన గడియారం గురించి, ట్రాలీ తగిలించుకున్న పిన్ని లారీ గురించి, నోటికొచ్చినదల్లా. జీవితంలో మొదటిసారి అక్క వాగింది, రేడియో విన్నది. విన్నదో లేదో.

పెద్దాసుపత్రిలో ఒక లేడీ డాక్టరు చూసింది. నుదురు ముట్టుకోలేదు. ముందు చెయ్యి పట్టుకుంది, గోరు నొక్కి వదిలింది, గోటికి రంగు తిరిగొస్తుందా అని చూసింది. వెంటనే రాలేదు, చాలాసేపటికి వచ్చింది. రవిక చెయ్యి పైకి తోసింది. చుక్కలు మోచెయ్యి దాటి పైకి పాకి ఉన్నాయి. ఒక చుక్క మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తీసి చూస్తే ఎరుపు అలాగే ఉంది.

"జ్వరం ఎప్పుడు తగ్గింది?" అని అడిగింది. వచ్చిందా అని కాదు, ఎప్పుడు తగ్గింది అని.

అక్క చెప్పింది.

"నొప్పి మాత్ర ఏమైనా వేశారా?"

"తెల్లది. మా సూపర్‌వైజరు సొరుగులోది. ఆ గేటు దగ్గర డాక్టరు కూడా ఇంజెక్షను ఇచ్చాడు."

డాక్టరు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత ఎవరెవర్నో పిలిచింది, సూదులు పెట్టారు, సీసాలు కట్టారు, రక్తం తెమ్మన్నారు. బావ చొక్కా చెయ్యి మడిచి రక్తం ఇవ్వడానికి వెళ్ళాడు. అక్కని గోడ పక్కకి నెట్టారు.

చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చింది. మెట్ల మీద అక్క పక్కన కూర్చుంది. చుట్టూ పడకలు చాలక నేల మీద పడుకోబెట్టిన మనుషులు.

"డెంగీ అమ్మా."

"డెంగీ అంటే జ్వరం కదమ్మా. దీనికి తగ్గిపోయింది."

"తగ్గాకే అసలు గండం. వేడి దిగిపోయాక రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది. లోపల రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది, గడ్డకట్టే గుణం పోతుంది. కొందరికి చిగుళ్ళలోంచి కారుతుంది. కొందరికి ముక్కులోంచి. ఆడవాళ్ళకి ఇలా కూడా పోతుంది, అందరూ నెలసరి అనుకుంటారు. కడుపులో పైన నొప్పి వస్తే గ్యాసు అనుకుంటారు. తికమకగా మాట్లాడితే నీరసం అనుకుంటారు. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏదీ డెంగీలా ఉండదు."

"ముందే వస్తే?"

డాక్టరు అబద్ధం చెప్పలేదు. "ముందే వస్తే సెలైను సరిపోయేది, చాలామందికి సరిపోతుంది. ఆ నొప్పి మాత్రలు లేకపోతే ఇంకా మేలు. ఇప్పుడు మేం చేసేది చేస్తున్నాం." లేచి వెళ్ళిపోయింది, నేల మీద ఇంకెవరో ఆమె కొంగు లాగుతున్నారు.

మధ్యాహ్నం ఎండ నిట్టనిలువుగా ఉన్నప్పుడు రేడియో పోయింది. కాగితంలో కారణం అని ఉన్న చోట డాక్టరు డెంగీ అని రాసింది. ఆమె చేతిలో ఉన్న న్యాయం అంతే, చేసింది. బావ రక్తం ఇచ్చి వచ్చి, చేతికి దూది అలాగే పట్టుకుని, ఎవరికి చెప్పాలో తెలియక గోడకి చెప్పాడు. "నా రక్తం పట్టదేమో దానికి" అన్నాడు. ఆ మాట ఏంటో ఆయనకే తెలియదు.

దహనం అయ్యాక అక్క పనికి వెళ్ళింది. వెళ్ళకపోతే మిషను పోతుంది. ఎవరైనా ఇది చదివి, చెల్లెలు పోయినా ఎలా వెళ్ళిందమ్మా అని ముక్కున వేలేసుకుంటే, వాళ్ళ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారో ఒకసారి చూసుకోవాలి.

అక్క గడియారాన్ని వెంటబెట్టుకెళ్ళి, షెడ్డు వెనక కూలర్ల కింద ఉన్న తొట్లు చూపించింది. ఆకుపచ్చగా నిలవ నీళ్ళు. వంగి చూస్తే నీటిలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఇక్కడ పుట్టిన దోమలే."

"దోమకి అడ్రసు ఉంటుందా? మీ వీధిలో లేవా?"

"మా వీధిలోనూ ఉన్నాయి. ఇక్కడా ఉన్నాయి. ఇక్కడివి మీవి."

"గేటు దగ్గర ఆమెకి జ్వరం లేదు" అన్నాడు గడియారం. "జ్వరం లేని మనిషికి డెంగీ ఏంటి?" ఆ మాట అతను వెటకారంగా అనలేదు. నిజంగా అడుగుతున్నాడు. అక్కకి అతని మీద చెయ్యి లేచింది కానీ, ఆ ప్రశ్న తనదే అని గుర్తొచ్చి దిగిపోయింది. తొట్లు అలాగే ఉన్నాయి. ఆర్డరు వెళ్ళాక కడిగిస్తామన్నారు.

తిండి వేళ అందరికీ చెప్పింది. జ్వరం దిగాక జాగ్రత్త అని, కడుపు పైన నొప్పి వస్తే, వాంతులు ఆగకపోతే, నెలసరి కాని నెలసరి వస్తే, ఒంటేలు తగ్గితే, చేతులు చల్లబడితే పరిగెత్తమని. తెల్ల మాత్ర మింగొద్దని. ఆడవాళ్ళు విన్నారు. కొందరు ఏడ్చారు. పిన్ని గుండీల సంచి తీసి, మాత్రలన్నీ మోరీలో పారబోసింది, బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు కత్తెర ముట్టుకోలేదు. తర్వాత పెద్ద ఆర్డరు వచ్చింది. చెక్కబిళ్ళ అదే ఒకటి. అందరూ మాత్రలు మళ్ళీ ఎక్కడెక్కడినుంచో తెచ్చుకున్నారు, పిన్నికి కనబడకుండా.

రేడియో మిషను మీద కొత్త పిల్ల కూర్చుంది. రేడియో కట్టుకున్న గుండుసూదుల పట్టీయే ఆమెకి ఇచ్చారు, అది కంపెనీది కదా. మాట తక్కువ పిల్ల. అక్క రోజూ ఒకసారి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, పట్టీ పక్కకి జరిపి చూస్తుంది. మొదట్లో ఆ పిల్ల భయపడింది. తర్వాత అలవాటు పడి తనే చెయ్యి చాపేది. వెనక లైనువాళ్ళు అక్కకి డాక్టరమ్మ అని పేరు పెట్టారు. ముందు జాలిగా, తర్వాత మామూలుగా.

ఒక పొద్దున ఆ పిల్ల చెయ్యి చాపలేదు.

అక్క లాక్కుని పట్టీ జరిపింది. చుక్కలు. ఎర్రగా, సన్నగా.

"ఏంటివి?"

"సూదులక్కా. దిండులో దూది లేదు." నిజమే, ఆ దిండులో దూది లేదు. రేడియో ఉన్నప్పుడే అయిపోయింది, ఇంకా మార్చలేదు.

అక్క ఒక చుక్క మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తీసింది. ఎరుపు పోలేదు. కానీ సూది గుచ్చుకున్న చోట గడ్డకట్టిన చుక్క కూడా పోదు కదా. ఆసుపత్రిలో ఆ సంగతి అడగాలని ఆమెకి తోచలేదు. చెయ్యి పైకి తోసి చూడబోతే రవిక చెయ్యి బిగుతు, మోచెయ్యి దగ్గరే ఆగిపోయింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. కూలరు గాలి నేరుగా ఆ మిషను మీదికే వస్తుంది, ఎవరు కూర్చున్నా చల్లగానే ఉంటుంది.

"జ్వరం వచ్చిందా నీకు?"

"లేదక్కా."

"వచ్చి తగ్గిందా?"

"లేదు." ఆ పిల్ల కళ్ళు గేటు వైపు వెళ్ళి వచ్చాయి. కుళాయి కింద తల పెట్టి వచ్చిన వాళ్ళందరూ ఆ మాట అలాగే అంటారు. కుళాయి కింద పెట్టనివాళ్ళు కూడా అలాగే అంటారు. జుట్టు తడిగా ఉంది. తలస్నానం చేసి ఉండొచ్చు.

"కడుపులో నొప్పి?"

"అక్కా, చొక్కాలు ఆగిపోతున్నాయి."

"చెప్పవే. నేను తిట్టను. మీ అమ్మకి చెప్పను, ఆ గడియారానికీ చెప్పను. ఒక్క మాట చెప్పు."

ఆ పిల్ల మిషను మీద చొక్కాని రెండో చేత్తో ముందుకి లాక్కుంది. కాలర్లు వెయ్యాల్సిన చొక్కాలు అక్క ముందు గుట్టగా పెరిగి, ఒకటి జారి నేల మీద పడింది. గడియారం లైను చివర నుంచి రావడం మొదలుపెట్టాడు. పిన్ని కత్తెర పక్కన పెట్టింది.

"ఏమైంది? చెయ్యి వదులు" అన్నాడు గడియారం.

అక్క వదల్లేదు. ఆ చెయ్యి రోగపుదో, కూలరు గాలికి చల్లబడిందో ఆమెకి తెలియదు. తెలుసుకునే దారి ఈ షెడ్డులో ఎక్కడా లేదు. ఆమె చేతిలో ఉన్నది ఈ మణికట్టు ఒక్కటే. దాన్ని పట్టుకుని లేచి నిలబడింది. ఆ పిల్ల లేవలేదు, రెండో చేత్తో మిషనుని పట్టుకుని కూర్చుంది. అక్క లాగుతూనే ఉంది.